గుండ్లవాగు ఒడ్డున రేడియోతో

పాలమూరు వెళ్లొచ్చానని చెప్పగానే మా నకిరేకల్‌లో అందరూ అడిగే మాట ఒక్కటే, సీతాఫలాలు తెచ్చావా అని. తేలేదు తల్లీ, తేలేదు. వరదలో వెళ్లినదాన్ని బుట్టలు మోసుకొస్తానా? మూడు రోజులు తడిసి, ఒక పెద్ద తప్పు చేసి, ఆ తప్పు వల్ల ఎవరి ప్రాణమూ పోకుండా బయటపడి ఇల్లు చేరాను. ఇంత తేలికైన మనసుతో నేను ఏ ప్రయాణం నుంచీ తిరిగి రాలేదు. అడిగిన ప్రతివాళ్లకూ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక ఇలా రాసిపెడుతున్నాను.

ముందు నా సంగతి. నా పేరు సరోజన. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు పనిచేశాను. రిటైరయ్యాక నోరు ఊరుకోక, పరీక్ష రాసి హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాను. సొంతంగా సెట్టు కొనుక్కుని, డాబా మీద ఏంటెనా నిలబెట్టుకుని, మొహం తెలియని వాళ్లతో మాట్లాడుకునే సరదా ఇది. జీతం గీతం ఏమీ ఉండదు. మా ఆయన దాన్ని కీచుపెట్టె అంటాడు. కానీ పెద్ద వానలకు కరెంటు పోయి సెల్ టవర్లు మూగబోతే పనికొచ్చేది ఆ కీచుపెట్టే. అలాంటప్పుడు మా సంఘానికి కబురు వస్తుంది. ఎవరికి వీలైతే వాళ్లు సెట్టు, బ్యాటరీ పట్టుకుని బయల్దేరతాం.

ఈసారి కబురు పాలమూరు నుంచి వచ్చింది. మా ఆయన ఈ వయసులో నీకెందుకన్నాడు. నీ వయసు చూసుకో ముందు అని చెప్పి బట్టలు సర్దుకున్నాను.

నకిరేకల్ నుంచి కల్వకుర్తి

నాతో వచ్చింది గౌస్‌భాయ్. రామన్నపేటలో మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం ఆయనది. నాకంటే పదేళ్లు చిన్న, నాకంటే నాలుగేళ్ల ముందు లైసెన్సు తెచ్చుకున్నవాడు. ఆయన వ్యానులోనే వెళ్లాం. ఆ వ్యానుకు డ్రైవరు వైపు వైపర్ మాత్రమే తిరుగుతుంది. కాబట్టి నల్లగొండ దాటాక దారి ఎలా ఉందని నన్ను అడగొద్దు, నేను చూసింది అద్దం మీద నీళ్లే. కాళ్ల దగ్గర లారీ బ్యాటరీ, ఒళ్లో సెట్టు, మెడ వెనక చుట్టిన వైరు. ప్రతి గుంతకూ ఆ వైరు నా జడ పట్టి లాగేది.

మల్లేపల్లిలో టీ కోసం ఆగినప్పుడు మొదటి దెబ్బ తగిలింది. వ్యాను మీద కట్టిన ఏంటెనా పైపు ముందుకు పొడుచుకొచ్చి ఉంది. గౌస్‌భాయ్ బండిని హోటలు ముందు ఆపబోతే, ఆ పైపు హోటలువాడు పందిరిగా కట్టిన తాటిపత్రిలోకి దూరింది. పత్రి మీద రాత్రంతా నిలిచిన నీళ్లన్నీ బెంచీ మీద పేపరు చదువుకుంటున్న పెద్దాయన నెత్తిన పడ్డాయి. ఆయన పేపరు మడిచి, కళ్లజోడు తుడుచుకుని, మా పైపును కింది నుంచి పైదాకా చూశాడు. వరద పనికి పోతున్నామని గౌస్‌భాయ్ చేతులు జోడించి చెప్పుకున్నాడు. వరద మీరే తెచ్చినట్టున్నరు గదా అన్నాడాయన. హోటలంతా నవ్వింది. చాయ్ పది రూపాయలు, మిరపకాయ బజ్జీలు ముప్పై. హోటలాయన వరద పనికి పోయేవాళ్లమని రూపాయి తగ్గించలేదు, పత్రి చింపామని రూపాయి ఎక్కువా తీసుకోలేదు. నాకది నచ్చింది.

కల్వకుర్తిలో మధ్యాహ్నం తిండి. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు జొన్నరొట్టె అంటే షుగరు ఉన్నవాళ్లకు డాక్టరు చెప్పే మందు. ఇక్కడ అది భోజనం. పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి పిండిముద్దను అరచేతుల మధ్యే తిప్పి తిప్పి పళ్లెమంత రొట్టె చేసింది. పుంటికూర అనే గోంగూర పప్పు, పచ్చి ఉల్లిగడ్డ, నూనె తేలే ఎర్రకారం పెట్టింది. ఒకటి తిని చేయి కడుక్కోబోతే, అడగకుండానే రెండోది వేసి, వాన ముందట ఉన్నది తిను అంది. తిన్నాను. కారానికి కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా వదిలిపెట్టలేదు.

పాలమూరులో ఒక గంట

ఊళ్లోకి వచ్చేసరికి సాయంత్రమైంది. కంట్రోల్ రూములో సెట్టు ముందు కూర్చున్నాయన రిటైరైన లెక్చరర్, మేమందరం సార్ అంటాం. వేరేవాళ్లయితే రాగానే మంచినీళ్లు ఇస్తారు, ఈయన రిజిస్టరు ఇస్తాడు. మా పని పద్ధతి ఆయన నోటితోనే మరోసారి విన్నాం. వచ్చిన మాటను వచ్చినట్టే రాయాలి. రాసింది పంపినవాడికి తిరిగి చదివి వినిపించాలి. అతను అవునన్నాకే ఇంకొకరికి చెప్పాలి. కొట్టివేతలు ఉండకూడదు, తప్పు రాస్తే తప్పు రాశానని కింద ఇంకో వరుస రాయాలి. ఇంకోటి, ఒకరు మైకు నొక్కినంతసేపూ ఆ దారిలో ఇంకెవరూ మాట్లాడలేరు, అందరూ వినడమే. అందుకని పొట్టిగా మాట్లాడి వదిలేయాలి.

ముప్పై ఏళ్లు ఫోన్లు కలిపినదాన్ని, నాకు చెప్తున్నాడు చూడండి అని లోపల అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

మమ్మల్ని గుండ్లవాగు పక్కనున్న బడికి పంపారు. వాగు ఒడ్డు పల్లెల నుంచి ఖాళీ చేయించిన వాళ్లందరినీ ఆ బడిలోనే ఉంచారు. అక్కడ ఫోను లేదు, కరెంటు లేదు. మేం వెళ్లాక రేడియో వచ్చింది.

బడిలో బాలమణి

బడి వసారాలో పిల్లల బెంచీ మీద సెట్టు పెట్టుకున్నాను. పైపెంకుల్లోంచి చుక్క చుక్క కారుతోంది. గౌస్‌భాయ్ పైపు నిలబెట్టి వైరు కలపగానే సార్ గొంతు గుయ్యిమని పలికింది. వసారాలో ఉన్నవాళ్లంతా ఒక్కసారి దగ్గరికి జరిగారు.

పాలమూరు వాళ్ల అలవాటు ఒకటి ఆ రాత్రే తెలిసింది. మా దగ్గర కొత్తవాళ్లు వస్తే ఏ ఊరు, ఎవరింటివాళ్లు అని అడుగుతాం. వీళ్లు మొదట తిన్నవా అని అడుగుతారు. ఇల్లు మునిగి, ఒంటి మీద బట్టతో వచ్చినవాళ్లు కూడా నన్ను అదే అడిగారు. పడుకునేలోపు పది మందికైనా తిన్నాను తిన్నాను అని అబద్ధం చెప్పి ఉంటాను. కల్వకుర్తి రొట్టెల తర్వాత నేను తాగింది చాయే.

నన్ను అడగనిది ఒక్కతే. నా బెంచీ పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. పేరు బాలమణి, ముప్పై అయిదేళ్లుంటాయి. పక్కవాళ్లు ఆమె సంగతి చెప్పారు. ఆమె భర్త కుర్మయ్య గొర్రెలకాపరి. వాగు రెండు పాయలుగా చీలే చోట ఒక మిట్ట ఉంది, దాని మీద ఎనభై గొర్రెలతో ఉన్నాడు. నీళ్లు రెండు వైపులా పెరుగుతుంటే ఊరివాళ్లు రమ్మని కేకలేశారు. ఈనే గొర్రె ఒకటుందని అతను కదల్లేదు. ఆ పొద్దున ఒడ్డు నుంచి అతని గొంగడి కనిపించిందట. తర్వాత వాన తెర కమ్మేసింది.

బాలమణి నాతో అన్నది ఒక్క మాటే. "మంద ఇడిసిపెట్టి రమ్మంటే, నువ్వు పో అని నన్ను తోలిండు."

ఆ తర్వాత రేడియో పలికినప్పుడల్లా నా మొహం చూసేది, నా చేతిలోని పెన్ను చూసేది. ఆ రాత్రి పెట్టిన అన్నం అలాగే పక్కన పెట్టేసింది.

రెండో రోజు, పొద్దున

తెల్లవారాక లారీలో పడవ వచ్చింది, ఈత వచ్చిన నలుగురు మనుషులు వచ్చారు. వాళ్ల దగ్గర రేడియో లేదు. అందుకని గౌస్‌భాయ్ చేతి సెట్టు పట్టుకుని వాళ్లతో ఒడ్డుకు వెళ్లాడు. ఒడ్డు మా బడికి కోసెడు దూరం. ఆ చిన్న సెట్టుకు మా బడే అందుతుంది, పాలమూరు అందదు; నా మాట మాత్రం ఇద్దరికీ వినిపిస్తుంది. మొదట ఇంజను అందుకోలేదని కబురు. తర్వాత అందుకుంది గానీ ఉరవడి ఎక్కువుందని కబురు. ప్రతిదీ రాశాను, తిరిగి చదివాను, బాలమణికి చెప్పాను. ఆమె తలూపేది.

పదిన్నరకు ఎవరో ఉప్మా పళ్లేలు రెండు తెచ్చి పెట్టారు, ఒకటి నాకు, ఒకటి ఆమెకు. ఆమె పళ్లెం ముట్టలేదు. ముందురోజు పొద్దుటి నుంచి ఆ మనిషి కడుపులో మెతుకు లేదు. పెదవులు తెల్లబడిపోయాయి. తిను తల్లీ అని బతిమాలాను, కసిరాను కూడా. లాభం లేకపోయింది. ఇంకాసేపు ఇలాగే ఉంటే ఈమె ఇక్కడే పడిపోతుంది, అటు వాగులో ఏమవుతోందో దేవుడికెరుక.

రిజిస్టరు మూశాను. పైనుంచి చుక్కలు మైకు మీద పడుతున్నాయని ఆ రిజిస్టరునే మైకు మీద బోర్లించాను. ఆమె వైపు తిరిగి కూర్చుని చెప్పాను.

"మీ కుర్మయ్య దొరికిండంట. మంచిగున్నడంట. ఇగ తిను."

ఆమె నా కళ్లలోకి కాసేపు చూసింది. పళ్లెం దగ్గరికి తీసుకుని రెండు బుక్కలు తింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నా పళ్లెం నేనూ ఖాళీ చేశాను. అబద్ధమైతే అబద్ధం, గంటలో నిజమవుతుంది లెమ్మనుకున్నాను.

కాసేపటికి ఏదో తేడాగా అనిపించింది. వాన చప్పుడు వినిపిస్తోంది, పిల్లల ఏడుపు వినిపిస్తోంది, రేడియో మాత్రం పలకడం లేదు. పది నిమిషాలుగా ఒక్క మాట లేదు. సెట్టు వైపు చూస్తే ఎర్రదీపం వెలుగుతోంది. మనం మాట్లాడుతున్నప్పుడు మాత్రమే వెలిగే దీపం అది.

రిజిస్టరు బరువుకు మైకు నొక్కుకుపోయింది. ఆ పది నిమిషాలూ నా మైకు మా వసారానంతా అందరికీ వినిపిస్తూనే ఉంది.

రిజిస్టరు ఎత్తగానే గౌస్‌భాయ్ గొంతు వచ్చింది. అక్కా మైకు ఇడ్వవేంది, మంచి కబురు ఇన్నం, పడవోళ్లకు చెప్పిన, వాళ్లు తండాల ముసలోళ్లను తెద్దామని వాగు పైకి మర్రిన్రు అన్నాడు. వెంటనే సార్ వచ్చి, కుర్మయ్య దొరికిన సంగతి నేనూ రాసుకున్నాను, సంతోషం అన్నాడు. కంట్రోల్ నుంచి నాకు కబురొచ్చిందని గౌస్‌భాయ్ అనుకున్నాడట. గౌస్‌భాయే నాకు చెప్పాడని సార్ అనుకున్నాడట. మధ్యలో కుర్మయ్య కోసం వెళ్లాల్సిన పడవ వెనక్కి మళ్లింది.

ఆ మాట వెనక్కి తీసుకోవాలంటే మైకులో చెప్పాలి. మైకు వైరు మూరెడు. బాలమణి నా పక్కనే ఉంది. ఆమె వినకుండా చెప్పే దారి లేదు, ఆగే వ్యవధి లేదు.

"అన్ని స్టేషన్లు వినుండ్రి. కుర్మయ్య దొరికిండన్న మాట నిజం గాదు. గది ఎవ్వరు పంపిన కబురు గాదు, ఈడ ఒకరికి ధైర్యం కోసం నేను నోటితోని చెప్పిన మాట. మైకు నొక్కుకపోయింది. తప్పు నాది. పడవను మిట్టకు పంపుండ్రి."

సార్ రాసుకున్నాను అన్నాడు. గౌస్‌భాయ్ సెట్టు నడుముకు చెక్కుకుని, చొక్కా విప్పి ఊపుకుంటూ, కేకలేసుకుంటూ పడవ వెంట ఒడ్డున పరుగెత్తాడని తర్వాత తెలిసింది. బురదలో రెండుసార్లు పడ్డాడట. యాభై దాటిన మనిషి.

నేను బాలమణి వైపు తిరగలేకపోయాను. తిడుతుందనుకున్నాను, జుట్టు పట్టుకున్నా పట్టుకోనీ అనుకున్నాను. వెనక నుంచి సన్నగా వినిపించింది.

"జల్ది పొమ్మను."

అంతే అంది.

పదకొండు దాటాక

పడవ మళ్లీ దిగువకు తిరిగిందని కబురొచ్చింది. అక్కడి నుంచి నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో నేను నా తప్పును రిజిస్టరులో రాశాను, టైము వేశాను, సంతకం పెట్టాను. నేను మొక్కని దేవుడు లేడు. మా ఆయన వద్దన్నప్పుడు ఇంట్లో ఉండి ఉంటే బాగుండేదని ఒకసారి అనుకున్నాను. ఇంకొకరు వచ్చి ఉంటే ఆ అబద్ధం చెప్పేవాళ్లు కాదు కదా అని పదిసార్లు అనుకున్నాను. అతనికి ఏమైనా అయితే అది నా వల్లే. ఇందులో వాదించుకోవడానికి ఏమీ లేదు.

అప్పుడు గౌస్‌భాయ్ పిలిచాడు. ఆయాసంతో మాట సరిగ్గా రావడం లేదు.

"రాస్కో అక్కా. కుర్మయ్య పడవెక్కిండు. దెబ్బల్లేవు. సలికి వణుకుతుండు. గొర్రెలు మిట్ట మీదనే ఉన్నయి, నీళ్లు తీస్తున్నయి. పుట్టిన పిల్లను సంకన పెట్టుకుని వస్తుండు."

రాశాను. అక్షరాలు బెంచీ మీదికి కూడా పోయాయి. తిరిగి చదవడం మొదలుపెట్టాను. గౌస్‌భాయ్ అవునక్కా, కరెక్ట్ అన్నాడు. అప్పుడు తిరిగాను. నేను చెప్పేలోపే బాలమణి లేచి నిలబడి ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. వసారాలో ఒకళ్లు నవ్వుతున్నారు, ఒకళ్లు ఏడుస్తున్నారు. ఒక ముసలవ్వ వచ్చి నా బుగ్గలు రెండూ పట్టి ఊపేసింది. సార్ రాసుకున్నాను అన్నాడు, కాసేపాగి మళ్లీ రాసుకున్నాను అన్నాడు. ఆయన మా పద్ధతి తప్పడం నేను వినడం అదే మొదటిసారి.

మూడింటికి కుర్మయ్య వచ్చాడు. తడిసి ముద్దయిన గొంగడి, లోపల మే మే అంటూ గొర్రెపిల్ల. భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు గానీ అందరిలో ముట్టుకోలేదు. ఆమె గొర్రెపిల్లను అందుకుంది. అతను నా పక్కన గోడకు ఆనుకుని కూర్చున్న చోటే నిద్రపోయాడు. ఆ గురక విని నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఎక్స్ఛేంజిలో పండగ రోజు డ్యూటీ దిగినప్పుడు కూడా అంత హాయి ఎరగను.

మూడో రోజు, బయల్దేరే ముందు

పొద్దునకు వాన వెలిసింది. వాగు తగ్గి, మిట్ట మీది మందను నడిపించుకొచ్చారు. బడి ఆవరణంతా గొర్రెల వాసన. ఎనిమిదింటికి టవరు పనిచేయడం మొదలై అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. ఇక మా కీచుపెట్టెతో పనిలేదు. ఎవరూ మా వైపు చూడటమే మానేశారు, ఫోన్లకు అతుక్కుపోయారు. చూసి నవ్వొచ్చింది.

గౌస్‌భాయ్ పైపు దించుతున్నాడు. నాకు మాత్రం ఒక పని మిగిలింది. కుర్మయ్య దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. నా అబద్ధం వల్ల పడవ వెనక్కి పోయింది, నువ్వు నీళ్ల మధ్య ఎక్కువసేపు ఉండాల్సొచ్చింది, నన్ను క్షమించు అన్నాను. అతను గొర్రెలను లెక్కపెట్టడం ఆపి విన్నాడు.

"ఎంతసేపు?"

పడవ పోయి మళ్లి రావడానికి అరగంట అయి ఉంటుందన్నాను.

"నా తాన గడియారం లేదు తల్లీ," అన్నాడు. "గొర్రె ఈనుతుండె. నాకు పడవ సంగతే యాది లేదు."

మళ్లీ లెక్కలో పడ్డాడు. బాలమణి గొర్రెపిల్లకు పాలు పట్టిస్తోంది. ఆమె ముందు గొంతుక్కూర్చున్నాను. నీకు అబద్ధం చెప్పిన, ఏమనుకోకు అన్నాను. ఆమె తలెత్తకుండానే అంది.

"నాకు గప్పుడే ఎర్క."

ఎలా తెలిసిందని అడిగాను.

"ఎప్పుడు జెప్పినా రాస్కుని, చదివి, గప్పుడు చెప్తవు. గది మాత్రం పుస్తకం మూసి చెప్పినవ్."

మరి తెలిసీ ఎందుకు తిన్నావని అడిగాను.

ఇప్పుడు తలెత్తింది. "నువ్వు గూడ వచ్చిన కాడినుంచి చాయ మీదనే ఉంటివి. నేను తినకుంటె నువ్వు తింటవా?"

ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను. మధ్యలో నలిగిపోతున్నానని గొర్రెపిల్ల అరుస్తున్నా ఇద్దరం కదల్లేదు.